బీరువాలో ట్రిప్ స్విచ్

నేను చెప్పేవాటిలో సగం కోతలే. ఒప్పుకుంటాను. ఇది మాత్రం ఆ సగంలోది కాదు... మా అక్క సుగుణమ్మ తల మీద చెయ్యేసి చెబుతాను. ఆ తల ఇంకా మా మధ్య ఉంది కాబట్టే ఈ మాట.

మా బావ దేవదానం తోటపల్లి గూడూరులో రొయ్యల గుంటలు చేస్తాడు. హాల్లో పెద్ద అద్దాల తొట్టి పెట్టి, సముద్రం నీళ్లు పోసి, రంగు చేపలు పెంచుతున్నాడు. తొట్టిలో నీళ్లు తిప్పే మోటారు పెట్టినప్పటి నుంచి ఇంట్లో ట్రిప్ స్విచ్ ఊరికే పడిపోతోందట. దాన్ని బోర్డులోంచి పీకేసి, వైర్లు నేరుగా కలిపేశాడు.

"కరెంటు లీకైతేనే కదా బావా అది పడేది?" అన్నాను.

"పడితే మోటారు ఆగదా? గాలాడక చేపలు చచ్చిపోవా? గుంటల్లో ఒక్క రాత్రి కరెంటు ఆగితే ఏమవుద్దో నీకేం తెలుసు బామ్మర్దీ! నీకు తెలిసింది కోతలు కొయ్యడమే."

బీరువా తెరిచి, చీరల మీద పెట్టిన ట్రిప్ స్విచ్ చూపించాడు. "చూడు, ఎంత బుద్ధిగా పడుకోనుందో!"

మీట పైకే ఉంది. నా కళ్లతో చూశాను. అక్క బీరువాకి తాళం వేసి, తాళంచెవి నడుముకి దోపుకుంది.

ఆ రాత్రి హాల్లోనే పడుకున్నాను. ఎందుకో మెలకువ వచ్చింది... సన్నగా జుయ్‌మని శబ్దం. తొట్టి నీలం లైటులో చూస్తే, చేపలన్నీ ఒక మూలకి చేరి ఉన్నాయి. కదలడం లేదు. మోటారు వైరు వెంట ఉప్పు తెల్లగా పేరుకుని ప్లగ్గు దాకా పాకింది. నా చెయ్యి తొట్టి కింది ఇనప స్టాండుకి తగిలింది. జివ్వుమంది.

అంతలో అక్క వచ్చింది. ఉత్త కాళ్లు... నేల తడి.

"అయ్యో, పిల్ల చేప మోటారుకి అతుక్కునిందే..." అంటూ తొట్టిలోకి చెయ్యి చాపింది.

అరుద్దామనుకున్నాను. నోరు తెరిచేలోపే వేళ్లు నీళ్ల మీదికి... ఇంకొంచెం కిందికి...

టక్.

చీకటి.

ఆ శబ్దం బోర్డు వైపు నుంచి రాలేదు. బీరువాలోంచి వచ్చింది.

"చెయ్యి తియ్యక్కా!"

"ఇంకా పెట్టందే తీసేదేందిరా... కరెంటు పోయిందా?"

కిటికీలోంచి చూస్తే వీధి లైటు వెలుగుతోంది. పక్కింట్లో ఫ్యాను తిరుగుతోంది. బావ సెల్‌ఫోను లైటు వేసుకుని వచ్చాడు. ముందు తొట్టి ప్లగ్గులన్నీ పీకేశాను. మెయిన్ వేసే ఉంది. ఫ్యూజు బాగానే ఉంది. అక్క బీరువా తాళం తీసింది...

మీట కిందికి పడి ఉంది. దానికి ఒక్క వైరు కూడా లేదు.

"నువ్వే కదరా! నన్ను భయపెట్టాలని..." అంటూనే బావ అక్క చేతిలోని తాళంచెవి చూసి ఆగిపోయాడు. వేలితో మీటను పైకి నెట్టాడు.

ఇల్లంతా లైట్లు వెలిగాయి.

పొద్దున కరెంటు పని చేసేవాణ్ణి పిలిచి దాన్ని మళ్లీ బోర్డులో బిగించారు. మోటారు వైరు నీళ్ల లోపల పగిలి ఉందట.

"అమ్మ చెయ్యి పెట్టుంటే అంతే. సమయానికి కరెంటు ఎవరు ఆపినారన్నా?" అని అతను బావని అడిగాడు.

బావ నా వైపు చూశాడు. నాకేం తెలుసు? ఎప్పుడూ లేనిది... ఆ పూట నా నోట ఒక్క కోతా రాలేదు.