ఎడమ పేజీ

"మబ్బేది తాతా? ఎండ కొడుతున్నది గద."

పాప నా వైపు కాస్త జాలిగా చూసింది. మా ముందు తెరిచి ఉన్న పుస్తకంలో ఒక్క అక్షరం లేదు. కుడి పేజీలో ఒక పిల్ల గాలిపటం ఎగరేస్తోంది. ఎడమ పేజీ నిండా నల్లటి మబ్బు, పై అంచు నుంచి కింది అంచు దాకా. ఆ పేజీలో మరో రంగే లేదు.

"ఇదిగో, ఇక్కడ," అని మబ్బు మీద వేలు పెట్టాను.

పాప తల తిప్పింది. మెడ బాగా ఎడమకు తిరిగాక ఆగింది.

"అరే," అంది. "గిప్పుడొచ్చిందా?"

పక్క బల్ల దగ్గర పుస్తకాలకు అట్టలు వేస్తున్న నా భార్య చేతిలో కత్తెర ఆగిపోయింది.

మేముండేది తార్నాకలో. నేను పత్రికలో డెస్కు పని చేసి రిటైరయ్యాను. ఆవిడ చిన్న తరగతులకు పాఠాలు చెప్పి రిటైరైంది. యూనివర్సిటీ క్యాంపస్‌లో, పాత క్వార్టర్ల వరసలో వాడకుండా వదిలేసిన ఒక వరండాను అడిగి తీసుకుని, సాయంత్రాలు పిల్లలతో పుస్తకాలు చదివిస్తోంది. వచ్చేది ఎక్కువగా హాస్టల్ మెస్సుల్లో, తోటపనిలో ఉన్నవాళ్ల పిల్లలు. పుస్తకాలు వెతికి తేవడం నా వంతు.

మొదటిసారి నేను మోసుకొచ్చిన సంచీని ఆవిడ నేల మీద గుమ్మరించి చూసింది.

"ఇవి పిల్లల పుస్తకాలు కావండీ. పెద్దవాళ్లు పిల్లలకు కొనిపెట్టే పుస్తకాలు."

"తేడా ఏమిటో?"

"ప్రతి పేజీలో ఒక నీతి, సందు లేకుండా బొమ్మలు. పిల్ల కన్ను ఎక్కడ నిలబడాలి?"

పుస్తకం ఎంచుకోవడానికి ఆవిడకో పద్ధతి ఉంది. మాటల మీద అరచెయ్యి కప్పుతుంది. బొమ్మ తన కథ తాను చెప్పగలిగితే పక్కన పెట్టుకుంటుంది. మాట చెప్పిందే బొమ్మ మళ్లీ చెబుతుంటే వెనక్కి ఇచ్చేస్తుంది. మాటలే లేని పుస్తకమైతే ఆవిడ పరీక్ష ఇంకా గట్టిది. పేజీ తిప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి మారాలి, ఆ మారినదాన్ని పిల్లలు వాళ్లంతట వాళ్లే పట్టుకోవాలి. కాచిగూడలో పాత పుస్తకాల కొట్టాయన నన్ను చూసి నవ్వేవాడు. "ఏంది సారూ, అక్షరం లేని పుస్తకాన్ని గంట సేపు చదువుతున్నరు?"

నా వైపు నుంచి చేరింది ఒక్కటే, ఒక ఆట. పత్రికలో గ్రూప్ ఫొటో కింద 'ఎడమ నుంచి కుడికి' అని మొదలుపెట్టి ఒక్కరినీ వదలకుండా రాయాలి. వదిలితే తెల్లారేసరికి ఆ వదిలిన మనిషి నుంచి ఫోను వస్తుంది. ఆ అలవాటునే పిల్లలకు నేర్పాను. ఏ బొమ్మయినా ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి, ఎవరున్నారో, ఏమున్నదో వరసగా చెప్పాలి. పిల్లలకు ఇది భలే నచ్చింది. ఎవరైనా ఒకటి మరిచిపోతే మిగతావాళ్లు మీద పడిపోయేవాళ్లు. "కుక్కను వదిలేసినవ్, రేపు పొద్దుగాల కుక్క ఫోన్ చేస్తది."

ఈ పాప ఆ ఆటలో ఎప్పుడూ ఓడిపోయేది.

ఉండేది లాలాపేట్‌లో, నాయనమ్మ దగ్గర. నాయనమ్మ హాస్టల్ మెస్సులో చపాతీలు చేస్తుంది. అమ్మానాన్నలు పుణెలో కట్టడం పనిలో ఉన్నారు. వానాకాలంలో మా వరండాకు వచ్చిన కొత్తలో, పేజీకి రెండు వాక్యాలున్న పుస్తకాలను పాప కూడబలుక్కుని చదివేది. దసరా దాటాక తడబాటు మొదలైంది. వాక్యం మధ్యలోంచి అందుకునేది. మొదట్లో ఉన్న మాటలు కలపకుండానే కథ నడిపించి, అర్థం కాక, పుస్తకం మూసేసేది.

"రెండు వాక్యాలు బరువవుతున్నాయి, ఒకటున్నవి తెండి," అంది నా భార్య. తెచ్చాను. అవీ సాగలేదు. పేజీకి ఒకే మాట ఉన్నవి తెచ్చాను. కొన్నాళ్లు బాగానే అనిపించి, అవీ ఆగిపోయాయి. మొదలుపెడుతున్న పిల్లలకు సులువైన పుస్తకం ఇవ్వడం మా పద్ధతి. తడబడితే ఇంకా సులువైంది ఇస్తాం. అలా ఒక్కో మెట్టూ దించుకుంటూ, చివరికి మాటలు లేని ఈ గాలిపటం పుస్తకం దగ్గరికి వచ్చాం. దీని తర్వాత తీసేయడానికి ఇంకేమీ లేదు.

ఈలోగా వేరే సంగతులూ వినబడుతూనే ఉన్నాయి. పాపను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడల్లా నాయనమ్మ ఏదో ఒక ఫిర్యాదు చేసేది.

"దిక్కులు చూసుకుంట నడుస్తది సారూ. నిన్న తలుపుకు గుద్దుకున్నది. మొన్న నీళ్ల బిందె తన్నింది."

"రోజూనా?"

"రోజూ ఏదో ఒకటి. పళ్లెంల సగం బువ్వ ఇడిచిపెడ్తది, మల్ల ఆకలైతున్నదంటది. పొద్దుగాల లేస్తే తలకాయ నొస్తున్నదంటది. బడి ఎగ్గొట్టెతందుకు సాకులు."

"నీకు బడి లేకపాయె, మరి నీ తలకాయెందుకు నొస్తది?" అని పాప నాయనమ్మను అడిగితే అందరం నవ్వాం. పాప భుజం మీద కమిలిన మచ్చ కూడా ఆ రోజు కనిపించింది. అది ఎడమ భుజం.

మబ్బు కనిపించలేదన్న సాయంత్రం నా భార్య బల్ల దగ్గర నుంచి లేచి వచ్చి, పుస్తకాన్ని తలకిందులుగా తిప్పి పాప ముందు పెట్టింది. ఇప్పుడు మబ్బు కుడివైపుకు వచ్చింది.

"బాప్‌రే, గింత మబ్బు," అంది పాప. మళ్లీ చూసింది. "పతంగి పిల్ల ఏది? ఇంటికి పోయిందా?"

ఆవిడ నా మొహంలోకి చూసింది. బయట చెట్ల కింద పోటీ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లు వీధి దీపాల వెలుగులోకి జరిగి కూర్చుంటున్నారు. పాప గాలిపటం పిల్ల కోసం పేజీ వెనక్కి తిప్పి వెతుకుతోంది.

మెస్సుకు నడిచి వెళ్లి నాయనమ్మకు చెప్పాం. పిండి చేతులతోనే విన్నది.

"అద్దాలు పెట్టిస్తే అయితది గద సారూ?"

"చూపిద్దాం ముందు," అన్నాను.

మర్నాడు నల్లకుంటలో కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన పాప కుడి కన్ను మూసి, వేళ్లు ఒక పక్క నుంచి మెల్లగా ముందుకు తెచ్చాడు. కనబడగానే చెప్పమన్నాడు. తర్వాత ఎడమ కన్ను మూసి అలాగే చేశాడు. ఏ కన్ను మూసినా, ఎడమ నుంచి వస్తున్న వేళ్లు ముక్కు దాకా వచ్చేవరకు పాప పలకలేదు.

"కళ్లు రెండూ బాగున్నాయి," అన్నాడాయన.

"చూసినవా సారూ, నేను చెప్పలే? అంత నకరాలే," అని నాయనమ్మ ఊపిరి పీల్చుకుంది. డాక్టరు ఆమె వైపు చూడలేదు. తల వంచి పెద్దాసుపత్రికి చీటీ రాస్తూ, "వారం ఆగొద్దు, రేపే వెళ్లండి," అన్నాడు. పాపకు మాత్రం బల్ల మీది చాక్లెట్ ఇచ్చాడు. డబ్బా కుడివైపు ఉంది కాబట్టి పాప వెంటనే అందుకుంది.

స్కాన్‌లో మెదడు కుడి భాగంలో, వెనక వైపు గడ్డ కనబడింది. రెండు కళ్లలోనూ ఎడమవైపు చూపు పోవడానికి అదే కారణమని చెప్పారు. పాపకు తనకేదో పోయిందని తెలియదు, ఎందుకంటే ఆ వైపు చీకటి కాదు, అసలు ఏమీ లేనట్టే ఉంటుందట. అమ్మానాన్నలు పుణె నుంచి వచ్చారు. తండ్రి స్కాన్ ఫిల్ములను కిటికీకేసి పట్టుకుని, ఆ తెల్లటి మరక ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆయన అడిగింది ఒక్కటే. "ఇది పెరుగుతదా?" చిన్న డాక్టరు పెద్ద డాక్టరును అడగమన్నాడు. పెద్ద డాక్టరు ముక్క తీసి పరీక్ష చేస్తే గాని చెప్పలేమన్నాడు.

ముక్క తీశారు. పాప ఇప్పుడు లాలాపేట్‌లోనే ఉంది, తలకు గుడ్డ కట్టి. మేం వెళ్లినప్పుడు పుస్తకమేదని అడుగుతుంది. ఇప్పుడు ఎలాంటివి తేవాలన్నది మాకు పాలుపోని సంగతి. సన్నటి పుస్తకాలు తెచ్చి, పాపకు కుడివైపున కాస్త దూరంగా పట్టుకుంటున్నాం. అలా పడితే ఒక వాక్యమున్న పేజీని చదువుతుంది. కొన్ని రోజులు మొదటి మాట కూడా అందుతుంది. కొన్ని రోజులు అందదు. అందని రోజు నాయనమ్మ వంటగదిలోకి వెళ్లిపోతుంది.

ముక్క పరీక్షకు వెళ్లింది. తండ్రి పనికి తిరిగి వెళ్లకుండా రోజూ ఆసుపత్రికి వెళ్లి అడిగి వస్తున్నాడు. ఆ గడ్డ ఎలాంటిదో వాళ్లు ఇంకా చెప్పలేదు.