రైల్లకెళ్లి పంపిన ఫ్యాక్స్

బన్సీలాల్‌పేట్‌ల నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. పెండ్లి కార్డులు, అర్జీలు, విజిటింగ్ కార్డులు చేస్త. మా ఆయన శ్రీనివాస్ సరుకుల ఓడల వంటమాస్టర్. ఓడెక్కి పది నెలలైంది. నెలాఖరుకు కాంట్రాక్ట్ అయిపోతది, ఇంకో ఆరు నెలలకు సంతకం పెట్టమని కంపెనీ అడుగుతుంది. నేను వద్దంటున్న. ఫోన్ల అడిగితే "చూద్దాంలే" అంటడు. అదే ఎదురుగ కూసోబెట్టి అడిగితే నాతోని అబద్ధమాడలేడు. పదహారేండ్ల కాపురంల ఆయన గురించి నాకు గట్టిగ తెలిసింది గదొక్కటే.

బుధవారం సాయంత్రం మెసేజ్ పెట్టిండు. ఓడ చెన్నైకి గాకుండ విశాఖపట్నం వస్తుందట, శుక్రవారం ఒక్కరోజే ఆగుతదట. నేను ఇంకేం ఆలోచించలే. గురువారం పొద్దున ఏడు గంటల బండికి సికింద్రాబాద్‌ల టికెట్ తీసిన. విశాఖల ఓడ పనులు చూసుకునే ఏజెంట్ ఆఫీసుకు ఫోన్ కొట్టిన.

"భార్యకి రేవులోకి పాస్ ఇప్పిస్తామండీ" అన్నడు అక్కడి గుమస్తా. "సంతకం పెట్టిన అర్జీ, ఆధార్ కాపీ రేపు మధ్యాహ్నం రెండింటిలోగా ఫ్యాక్స్ చెయ్యండి. దాటితే ఎల్లుండికి పాస్ అవ్వదు."

"వాట్సాప్ చేస్తె నడవదా అండి?"

"గేటు దగ్గర ఒప్పుకోరు మేడమ్. ఫ్యాక్సే కావాలి. ఇప్పుడు ఆఫీసు కట్టేస్తున్నాం, రేపు తొమ్మిది తరవాత పంపండి."

తొమ్మిదింటికి నేను రైల్ల ఉంట! షాపుల ఫ్యాక్స్ మిషినైతే ఉంది గని దాని మీద కార్డుల కట్టలు పేర్చుకున్న. ల్యాండ్‌లైన్ ఎప్పుడో తీసేసినం. జెర సేపు పరేషాన్ అయి, తర్వాత నెట్‌ల వెతికితే ఫ్యాక్స్ పంపే సైట్ దొరికింది. ల్యాప్‌టాప్‌ల కాగితం ఎక్కించి అవతలి నంబర్ కొడితే చాలట. ఫోన్ల డేటా ఉంటే రైల్లకెళ్లి సుత పంపొచ్చు.

అర్జీ రాసి సంతకం పెట్టిన. అత్తమ్మ దాన్ని చేతిలకు తీసుకుని నాలుగు మూలలకు పసుపు రాసి, ఒక్కో మూలకు ఇంత కుంకుమ బొట్టు పెట్టింది. "మొగుని దగ్గరికి పోయే కాగితం బిడ్డా, ఉట్టిగ పోవద్దు" అన్నది. నా షాపుల కార్డులకు రోజూ చేసేదే గద. రంగులల్ల స్కాన్ చేసి ల్యాప్‌టాప్‌ల పెట్టుకున్న. చూస్తే ముచ్చటేసింది.

బండి ఏడూ పదికి కదిలింది. నాకు కిటికీ సీటు. పక్కన తిరుమలగిరి పెద్దాయన, టెలిఫోన్ డిపార్ట్‌మెంట్ల చేసి రిటైరైండు. రాజమండ్రికి మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు పోతుండు. ఇంట్లకెళ్లి తెచ్చుకున్న ఇడ్లీ పొట్లం విప్పి నాకు రెండు పెట్టిండు. తొమ్మిది దాటంగనే నేను ల్యాప్‌టాప్ తెరిచిన.

"వైరు లేకుండ ఫ్యాక్స్ ఎట్ల పోతది బిడ్డా?" అని వంగి చూసిండు. నేను చెప్పేలోపే ఆయనే తల ఊపిండు. "సమజైంది. నీ కాగితం నెట్‌ల ఎక్కడిదో మిషిన్ దాక పోతది. ఆ మిషిన్ లైన్ల నంబర్ కొడతది. అయితే నడిచే బండిల పంపకు. టవర్ మారినప్పుడల్ల తెగుతది. కాజీపేటల ఆగనియ్యి."

నేను వింటనా! అడవి మధ్యల పంపిన. సగం ఎక్కి ఆగిపోయింది. "చెప్పిన గద" అన్నడాయన. కాజీపేటల బండి ఆగంగనే మళ్ల పంపితే, రెండు పేజీలు చేరినయని వచ్చింది. ఇంక నాకు ఒక్క నిమిషం కాలు నిలవలే. పది నెలలల్ల బక్కగైండో, లావైండో, తల నెరిసిందో అని అదే యావ. వీడియో కాల్‌ల ఎంత చూసినా మనిషిని చూసినట్టుంటదా?

ఖమ్మం దాటినంక పదకొండున్నరకు గుమస్తా ఫోన్ చేసిండు. "మేడమ్, ఏంటండీ ఇది? కాగితం నాలుగు మూలలా నల్లటి మచ్చలు! సంతకం మీద కూడా పడింది, ఓడ పేరు సగం పోయింది. ఇది గేటు దగ్గర చెల్లదు. మళ్లీ పంపండి."

ఫ్యాక్స్‌కు రంగులు తెల్వవు, దానికి కుంకుమంటే నలుపే. ఇన్నేండ్లు ఈ పనే చేస్తున్న, ఈ సంగతి తట్టద్దా? అత్తమ్మను ఏమంట, తప్పు నాది. పెద్దాయనకు చెప్తే పడి పడి నవ్విండు. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపిండు.

"తెల్లకాగితముందా?"

లేదు. ఆయన సంచిలకెళ్లి రూళ్ల పుస్తకం తీసి ఒక కాగితం చింపిచ్చిండు. బండి ఊగుతుంటే అర్జీ మళ్ల రాసిన. సంతకం బ్యాంకుల పెట్టినంత జాగ్రత్తగ పెట్టిన. "కిటికీ దగ్గర ఫోటో తియ్యి, నీడ పడనియ్యకు. నీడ పడ్డా నల్లగనే వస్తది" అని కాగితం అంచులు ఆయనే పట్టుకున్నడు. ఫోటోను నలుపు తెలుపు చేసి పెట్టుకున్న.

విజయవాడ ఒంటిగంటకు రావాలె. అవుటర్ సిగ్నల్ దగ్గర ఆపిండ్రు. ఒంటిగంటన్నరైంది. అక్కణ్నే పంపితే లైన్ బిజీ. ఇంకోసారి కొట్టిన, బిజీ. ప్లాట్‌ఫాం మీదికి వచ్చేసరికి ఒకటీ నలభై ఎనిమిది. అప్పుడు కలిసింది. మొదటి పేజీ పోయింది, రెండోది పోయింది. ఒకటీ యాభై అయిదుకు గుమస్తా ఫోన్: "ఇప్పుడు బాగుందండీ. రేపు పదకొండు నుంచి ఒంటిగంట దాకా పాస్."

పెద్దాయన నాకు పులిహోర పొట్లం కొనిచ్చిండు. అప్పటిదాంక ఆకలి తెల్వనే లేదు. రాజమండ్రిల దిగేటప్పుడు "అల్లునికి నేను అడిగిన్నని చెప్పు" అన్నడు.

విశాఖల రాత్రి ఏడున్నరకు దిగి స్టేషన్ దగ్గరి లాడ్జిల పడుకున్న. పోయేటోళ్లకు ఒక మాట: చెప్పులతోని రేవు గేటు దాటనియ్యరు. గుమస్తా నాకు ఎవరివో బూట్లు, ఒక హెల్మెట్ తెచ్చిచ్చిండు. ఆ బూట్లు ఈడ్చుకుంట బొగ్గు దుమ్ముల నడిచి ఓడ మెట్లెక్కిన. పైన నిలబడి ఉన్నడు మా ఆయన. చెంపలు లోపలికి పోయినయి. "వచ్చినవా" అన్నడు.

అది ఇరవై రెండు మందికి అన్నం పెట్టే టైము. నన్ను బల్ల దగ్గర కూసోబెట్టి వంటింట్లకు పోయిండు. పప్పు తెచ్చిండు. "కూసో" అన్న. "ఇగో, చేపలు దించి వస్త" అన్నడు. చేపలు తెచ్చిండు. "కూసోరాదు!" "అన్నం చల్లారుతది, తిను." కెప్టెన్ వచ్చి భాభీజీ అని నమస్తే పెట్టిండు. తినేటోళ్లంత నన్నే చూస్తుండ్రు. ఓడ మొత్తంల తెలుగోడు ఈయనొక్కడే. అయినా అంతమంది ముందల సంతకం మాట ఎట్ల ఎత్తాలె? ఆయన ఒక్క నిమిషం కూసుంటే మెల్లగ అడుగుదామని చూసిన. పళ్లెం ఖాళీ అయితె నింపుతనే ఉన్నడు. ఆయన చేతి వంట తినక పది నెలలు. ఒక్క ముద్ద రుచి తెలిస్తె ఒట్టు. ఒంటిగంటకు మెట్ల దాక వచ్చి నా చెయ్యి పట్టుకుని వదిలిపెట్టిండు.

సాయంత్రానికి ఓడ కదిలిపోయింది, ఆయన సెల్ కలుస్తలేదు. శనివారం పొద్దున ఏడు గంటల బండికి వెనక్కి మళ్లిన. వచ్చేటప్పుడు మాట్లాడనీకె పక్కన ఎవరూ లేరు. తుని, సామర్లకోట దాటినయి. అడగకనే వస్తున్ననని నా మీద నాకే మండింది. పాస్ కాగితం తీసి చూస్తుంటే అండ్ల ఓడ పేరు కింద శాటిలైట్ ఫ్యాక్స్ నంబర్ కనబడ్డది. రెండు నిమిషాలు ఆ నంబరే చూసిన. విజయవాడ స్టేషన్ల ఒక తెల్లకాగితం కొని పెద్ద పెద్ద అక్షరాలతోని రాసిన: "శ్రీనూ, సంతకం పెట్టకు. ఇంటికి రా." కాగితం కెప్టెన్ గదిల వస్తదేమో, రానియ్యి. చదవొచ్చేది ఒక్కనికే. బండి కదలకముందే పంపిన. మొదలు పోలే. మళ్ల కొడితే ఒక పేజీ చేరిందని వచ్చింది.

కాజీపేట దాటినంక నాలుగున్నరకు ఫోన్ మోగింది. ఏందో పొడుగు నంబర్.

"నేనే" అన్నడు. గొంతు నూతిలకెళ్లి వచ్చినట్టుంది. "కెప్టెన్ అడుగుతుండు, ఏం రాసిందని. చేపల పులుసు బాగుందని రాసిందన్న."

"మరి నువ్వేమంటవ్?"

నా మాట అక్కడికి పోయి, ఆయన మాట ఇక్కడికి రానీకె జెర సేపు పడుతుంది. ఈసారి ఇంకా ఎక్కువ పట్టింది.

"నువ్వొచ్చే ముందు రోజే పెట్టిన అనితా. ఎదురుగ కూసుంటే చెప్పాల్సొస్తదని కూసోలే."

లైన్ తెగిపోయింది. ఆరు నెలలు. కోపంతోని నోటికొచ్చినట్టు తిట్టాలనిపించింది. అయినా ఆ కోపం కంటె ముందుగాల ఆ గొంతు ఇంకొక్కసారి వినాలనిపించింది. ఆ పొడుగు నంబర్‌కే తిరిగి కొట్టిన. కలవలే. సికింద్రాబాద్ వచ్చేదాంక కొడుతనే ఉన్న.