గంగమ్మ బుగ్గ

మొన్న పొద్దున కాఫీ గొంతు దిగకముందే మా మేనమామ కొడుకు, అంటే నాకు బావమరిది, ఊరి నుంచి ఫోనుకు ఒక ఫోటో పంపించాడు. కళ్లద్దాలు వెతికి పెట్టుకుని చూస్తే అది మా ఊరి గంగమ్మ. ఏటా జాతరనాడు గుడి ముందరి రాతిస్తంభం మీద పచ్చిమట్టితో చేసే అమ్మవారి ముఖాన్ని, ఈ ఏడు నుంచి ఫైబరుతో చేయించి, రంగులు వేయించి, ఎండావానా అంటకుండా ఎప్పటికీ ఉండేటట్టు బిగించేశారట. కోరలు, నాలుక, కనుగుడ్లు, ముక్కుపుడక అన్నీ తళతళలాడుతున్నాయి. రెండో ఫోటోలో కుడి బుగ్గ ఒక్కటే విడిగా తువ్వాలు మీద పడుకొని ఉంది, పక్కన నాలుగు స్క్రూలు. జాతర ముగిసేటప్పుడు అమ్మవారి బుగ్గ చించడం మా ఊరి ఆచారం కాబట్టి, దాన్ని విప్పి, హారతి ఇచ్చి, మళ్లీ బిగించేసుకునే ఏర్పాటన్నమాట. కింద బావమరిది ఒక మాట కూడా పెట్టాడు. "ఎట్టుండాది బావా? నీ కంటికి యాడన్నా తప్పు కనిపిస్తే చెప్పు, రంగులేసినాయన ఇంకా ఊర్లోనే ఉండాడు."

తప్పు కోసం వెతికాను. వేళ్లతో ఫోటోను లాగి లాగి పెద్దది చేసి, చెవి నుంచి చెవి దాకా వెతికాను. కాఫీ చల్లారిపోయింది. తప్పులు వెతకడం ఒకప్పుడు నా వృత్తి, అంతకన్నా ముఖ్యంగా నా రోగం.

ఊళ్లో బోర్డులన్నీ చేత్తో రాసిన కాలం మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఏడో తరగతి నన్ను వదిలిందో నేనే దాన్ని వదిలానో ఇప్పటికీ తేలలేదు గానీ, చదువుకోని నాకు అన్నం పెట్టింది మాత్రం అక్షరాలే. తిరుపతిలో బోర్డులు రాసే ఒక పెద్దాయన దగ్గర పనికి చేరితే, ఆయన నాకు మొదట నేర్పింది రాయడం కాదు, తుడవడం. రంగు ఆరకముందే కిరసనాయిలు గుడ్డతో ఒక్క తుడుపు తుడిచామంటే అక్షరం పుట్టనే పుట్టనట్టు. ఆ విద్య నాకు ఎంత బాగా పట్టుబడిందంటే, రాసేదానికన్నా తుడిచేదే ఎక్కువైపోయింది. గుడ్డ ఎప్పుడూ నడుముకు వేలాడుతూ ఉండేది. నేను ఊరికి వచ్చినప్పుడల్లా మా అమ్మ, నాకన్నా ముందు నా వాసన బస్సు దిగుతుందనేది. తిరుచానూరులో ఒక లాడ్జీకి బోర్డు రాస్తూ ఆఖరి అక్షరం వంపు కుదరక తుడిచి, రాసి, తుడిచి, చివరికి ఆ అక్షరం లేకుండానే లాడ్జీ తెరిచేశారు. నేను నిచ్చెన మీద ఉండగానే నా కాళ్ల కింద నుంచి యాత్రికులు లోపలికి పోయి, స్నానాలు చేసి, దర్శనానికి వెళ్లిపోయారు. పేరులో ఒక అక్షరం తక్కువైందని ఒక్కరూ వెనక్కు తిరగలేదు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు.

గంగమ్మ ముఖం చేసే వంతు మా ఇంటిది. నాయన చేసేవాడు. ఆయన పని దగ్గర నుంచి చూస్తే ఏమీ ఉండదు, మట్టి ముద్దలు ఒకదాని మీద ఒకటి విసిరినట్టు ఉంటుంది. కనుగుడ్లకు సున్నం పూసిన కొబ్బరి చిప్పలు, కోరలకు కొబ్బరి ముక్కలు, నోరు ఇంత బారున. అదే కింద జనంలో నిలబడి తలెత్తి చూస్తే పెద్దవాళ్లకు కూడా ఒళ్లు జలదరించేది. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించి, పొద్దుగూకే లోపల బుగ్గ చించి, ఆ మట్టిని ఇంటింటికీ పిడికెడు పంచేవాళ్లు. మొక్కున్న ఆడవాళ్లు బుగ్గ చినిగేదాకా మంచినీళ్లు కూడా ముట్టరు. చించడానికి వీలుగా కుడి బుగ్గ లావుగా పెట్టాలి, అంతకుమించి ఆ పనిలో నియమాలేమీ లేవని నాయన చెప్పేవాడు. నాకది పనిలాగే అనిపించేది కాదు. కొలత లేదు, దారం కొట్టి గీత గీసేది లేదు, ఇదేం పని అనుకునేవాణ్ణి.

బుగ్గ చించేది మా మేనమామ. ఆ రోజు ఆయన మీసం తీసేసి, ముఖానికి పసుపు రాసుకొని, చీర కట్టుకొని పేరంటాలు వేషంలో వస్తాడు. మీసం మళ్లీ మొలిచేదాకా మా అత్త ఆయన ముఖం చూసేది కాదని ఊళ్లో నవ్వుకునేవాళ్లు, ఆ మాట పుట్టించింది బహుశా నేనే. ఆయనకు ఏటా చీర కట్టేది మాత్రం మా అమ్మ. తమ్ముణ్ణి గుమ్మంలో నిలబెట్టి, నోట్లో పిన్నీసు పెట్టుకొని, కుచ్చిళ్లు పోస్తూనే ఆ పిన్నీసు పక్క నుంచి ఊరి సంగతులన్నీ మాట్లాడేది. నోరు మూసుకొని ఏ పనీ చేయడం ఆమెకు చేతకాదు.

అమ్మ జ్వరంతో పోయింది. నేను తిరుపతి నుంచి వచ్చేసరికి పడుకోబెట్టేశారు. చుట్టాలందరూ నేను ఏడుస్తానని చుట్టూ చేరి చూశారు, నాకు ఏడుపు రాలేదు. ఎవరో నా చెయ్యి పట్టుకొని ఏడవమన్నారు కూడా. చేయాల్సినవన్నీ చేశాను, పెట్టాల్సినచోట కట్టెలు పెట్టాను, వచ్చినవాళ్లను నవ్వించాను కూడా. మళ్లీ తిరుపతికి పోయి బోర్డులు రాసుకున్నాను. నాయనకు ఆ ఏడాదిలోనే చేతులు వణకడం మొదలైంది. గ్లాసు పట్టుకుంటే సగం నీళ్లు చొక్కా తాగేది. అమ్మ సంవత్సరీకం అయిన కొన్నాళ్లకే జాతర వచ్చింది, ఆయన తన చేతుల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. ఆ విధంగా ముఖం నా వంతుకు వచ్చింది.

పొద్దున్నే నిచ్చెన ఎక్కాను, చెరువు మన్ను బుట్టల్లో పైకి అందిస్తున్నారు. నాయన పందిరి కింద బల్ల మీద కూర్చున్నాడు. నేను చేసిన మొదటి పని, స్తంభానికి నడిమధ్యన దారం కట్టి గీత గీయడం. ముక్కు పెట్టాను. ఒక పక్క లావైందనిపించి తడిగుడ్డతో తుడిచేశాను. మళ్లీ పెట్టాను. కళ్లు పెట్టి తీశాను, పెదవి పెట్టి తీశాను. పైకి వచ్చిన మన్నంతా మళ్లీ కిందికి పోతూ ఉంది. డప్పులు కొట్టేవాళ్లలో ఒకాయన కింద నుంచి కేక వేశాడు. "రేయ్, అమ్మోరికి మొగం పెడతాండావా, పెండ్లిసూపులకు ముస్తాబు జేస్తాండావా?" నేను వెనక్కు తిరగకుండానే, "పెండ్లికొడుకు నువ్వయితే ఆయమ్మే ఒప్పుకోదులేప్పా" అన్నాను. అందరూ నవ్వారు. నా నోటికి ఆ రోజు కూడా ఏ లోటూ లేదు, చేతికే.

మధ్యాహ్నం దాటింది. నవ్వులు తగ్గాయి. మా పెద్దమ్మ, అమ్మకు అక్క, ఆ ఏడు మొక్కు పట్టి ఎండలో కూర్చుని ఉంది. ఆమె పెదవులు తెల్లబారడం నిచ్చెన మీద నుంచి కూడా కనిపిస్తూ ఉంది. "ఒరే, నువ్వు అమ్మోరికి నోరు పెట్టేలోగా నా నోరు ఎండిపోతాదిరా" అంది. ఆమె ఒక్కతే కాదు, అట్లా కూర్చున్నవాళ్లు గుడి గోడ పొడుగునా ఉన్నారు. పొద్దు కొండ మీదికి వాలుతూ ఉంది. అది గూకే లోపల బుగ్గ చినగకపోతే ఆ ఏటికి జాతర చెల్లదు, ఇంతమంది పస్తూ మట్టిపాలు. ఇవన్నీ నాకు తెలుస్తూనే ఉన్నాయి. తెలిసి కూడా చెయ్యి తుడుస్తూనే ఉంది. కొంతమంది పెద్దలు నాయన దగ్గరికి పోయి ఏదో గొణిగారు, ఆయన తల ఊపాడే గానీ నన్ను దిగమనలేదు.

తర్వాత ఎట్లా జరిగిందో నేను చెప్పలేను. దారం తెగిపోయింది, మళ్లీ కట్టలేదు. చేతులు వాటి దారిన అవి పోయాయి, ముక్కు కుదిరింది, నుదురు కుదిరింది, పెదవులు ఒకదానికొకటి అతికినట్టు మూసుకున్నాయి. తుడవబుద్ధి కాలేదు. అది నా బతుకులో మొదటిసారి. నిచ్చెన దిగాను. డప్పులు ఆగిపోయాయి. పని అంత బాగా వచ్చిందనుకున్నాను. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడే మేనమామ వేషంతో వచ్చాడు. ఆ ఏడు చీర ఎవరు కట్టారో, కుచ్చిళ్లు జారిపోతుంటే ఒక చేత్తో బొడ్డుదగ్గర పట్టుకొని వచ్చి, తలెత్తి చూసి, అక్కడే నిలబడిపోయాడు.

"ఈ మొగం మీద నేను చెయ్యెయ్యను. అక్క గదరా ఇది" అన్నాడు.

అప్పుడు చూశాను. అమ్మే. నేను అమ్మను చేయాలనుకోలేదు, చేస్తున్నానని నాకు తెలియదు, ఈ మాట ఆ రోజు ఎవరూ నమ్మలేదు. గుండె జారిపోయిందని రాయాలి గానీ అట్లాంటిదేమీ జరగలేదు. నాకు కనిపించింది ఒక్కటే. ఎడమ కన్ను కుడిదానికన్నా కొంచెం చిన్నదైంది, దాన్ని సరిచేయాలి. గుడ్డ తడుపుకొని మళ్లీ నిచ్చెన మీద కాలు పెట్టాను.

వెనక నుంచి నాయన గొంతు వినిపించింది. "ఆ కన్ను జోలికి పోబాకరా. మీ అమ్మకు కన్ను అట్టనే ఉండె. పెండ్లినాటినించి చూస్తాండా, అది సరైంది లేదు, నేను సరిజేసుకోమన్నదీ లేదు." గోడ పొడుగునా కూర్చున్న ఆడవాళ్ల వైపు చూశాడు. "అయితే ఇది గంగమ్మ గాదు. వాళ్లు పస్తుండారు, పొద్దు బోతాది. చెడగొట్టు."

"యాణ్ణించి చెడగొట్టేది నాయనా?" అని అడిగాను. నిజంగానే నాకు తెలియలేదు.

"నోటికాడ్నించి" అన్నాడు. "మీ అమ్మ బతికుండంగా నోరు మూసింది యాడుంది? మూసి పెట్టింది నువ్వే."

నేను ఆమెను అట్లాగే చూశాను మరి, ఆఖరిసారి. నిచ్చెన ఎక్కి, పిడికిలి బిగించి ఆ పెదవుల మధ్యలోకి మణికట్టు దాకా దూర్చాను. మన్ను చల్లగా ఉంది. నోరు తెరుచుకుంది, వంకరగా, ఒక పక్కకు ఎక్కువ. అట్లాగే వదిలేశాను. నాలుక పెట్టాను, కోరలు గుచ్చాను, కొబ్బరి చిప్పలు చేతికి వచ్చినట్టు అదిమాను, ఒకటి పైకి చూస్తోంది, ఒకటి పక్కకు చూస్తోంది. బుగ్గ మీద ముద్ద మీద ముద్ద విసిరాను. పసుపూ కుంకుమా గుప్పిళ్లతో కొట్టాను. తుడిచే గుడ్డ ఎక్కడ పడిందో చూసుకోలేదు. కింద డప్పులు మొదలయ్యేసరికి అర్థమైంది, ఇది చాలని. మేనమామ వచ్చాడు, ఇంకా కళ్లెత్తి సరిగ్గా చూడలేదు, అక్కా అన్నాడో అమ్మా అన్నాడో డప్పుల్లో వినపడలేదు, ఒక్క గుంజుతో బుగ్గ ఊడదీశాడు. ఆ గుంజుడికి చీర కూడా ఊడిపోయింది, లోపల నిక్కరుతో నిలబడ్డాడు, పస్తున్న ఆడవాళ్లందరూ ఒక్కసారిగా నవ్వారు. పెద్దమ్మ నవ్వుతూనే చెంబు ఎత్తి గడగడా నీళ్లు తాగింది. నేను ఆ పూటంతా చూసినవాటిలో నాకు బాగా గుర్తున్నది ఆ గొంతు కదలడం.

బుగ్గలో పెద్ద ముద్ద ముఖం చేసిన ఇంటికి ఇస్తారు. నాయన దాన్ని వణికే రెండు చేతుల్లో ఇంటికి తెచ్చాడు. అమ్మ ఏటా ఆ మట్టిని ఏదో కుండలో వేసి పెట్టేది, ఇంట్లో ఎవరికన్నా ఒంట్లో బాగాలేకపోతే నీళ్లలో కలిపి నుదుటికి రాసేది. ఏ కుండలోనో నాయనకు తెలియదు, నాకూ తెలియదు. ఇద్దరం వంటింట్లో నిలబడి ఒక్కొక్క మూతే తీసి చూశాం. కందిపప్పు, చింతపండు, రాగిపిండి. చివరికి కిటికీలో పెట్టాం. అది అక్కడే ఎండి, పగిలి, కొంచెం కొంచెంగా పొడి అయిపోయింది. నాకు అప్పుడూ ఏడుపు రాలేదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ రాలేదు, వస్తే చెబుతానులెండి.

తిరుపతికి తిరిగి వచ్చి రాసిన మొదటి బోర్డులో ఒక అక్షరం కొంచెం పక్కకు ఒరిగింది. చూశాను, నిచ్చెన దిగేశాను. ఏదో గొప్ప సంగతి తెలిసి కాదు, నడుముకు గుడ్డ లేదంతే. పెద్దాయన ఆ అక్షరాన్ని చూశాడు, నన్ను చూశాడు. అప్పటి నుంచి నా పని ముగియడం మొదలైంది. ఏటా జాతరకు పోయి ముఖం చేసి వచ్చేవాణ్ణి, ప్రతి ఏడూ ఎక్కడో ఒక వంకర ఉండేది, ప్రతి ఏడూ బుగ్గ చినిగేది, నా మోకాళ్లు నిచ్చెనకు ఒప్పుకున్నన్నాళ్లు. తర్వాత బోర్డులకు ఫ్లెక్సీలు వచ్చాయి, వాటిలో వంకర అక్షరాలు ఉండవు. నాయన పోయాడు, మేనమామ పోయాడు. ఇప్పుడు గంగమ్మకూ వంకర లేదు.

బావమరిదికి ఇంకా జవాబు ఇవ్వలేదు. ఇంకోసారి చూశాను, తప్పు దొరకలేదు. రెండు కళ్లూ సమానంగా ఉన్నాయి. బుగ్గ విప్పినా కింద పడేదేమీ లేదు, ఇంటికి తెచ్చుకుందామంటే పిడికిట్లోకి వచ్చేదీ లేదు. పాత బుగ్గ మట్టి ఏ డబ్బాలోనన్నా మిగిలిందేమోనని వంటింట్లోకి పోయి చూస్తే, మా డబ్బాలన్నిటి మీదా లోపల ఏముందో పేర్లు అంటించి ఉన్నాయి.