"మా అమ్మ కాదు" అన్న ఆంటీ

పోయిన నెల క్లెమెంటీలో మా ఇంటి ఆంటీ పోయారు. ఇంటి ఆంటీ అంటే, నేను అద్దెకుంటున్న ఫ్లాట్ ఆవిడది. ఎనభై దాటాయి. ఫోన్ రాగానే వెక్కి వెక్కి ఏడ్చాను. పదకొండో రోజునా ఏడ్చాను, కానీ అది వేరే ఏడుపు.

నేను దేశం దాటొచ్చి ఇక్కడి యూనివర్సిటీలో మూకీ సినిమాల మీద పరిశోధన చేస్తున్నాను. గది చూడ్డానికి వెళ్ళినరోజే ఆ సంగతి విని, "అయ్యో, మా అమ్మ మూకీల్లో హీరోయినే తల్లీ!" అన్నారు ఆంటీ. నా పంట పండిందనుకున్నాను.

ఎన్ని కబుర్లో! పెసరట్లు వేస్తూ చెప్పేవారు. వాళ్ళమ్మ బొంబాయి స్టూడియోలో గుర్రమెక్కి గోడలు దూకించేదట. "హీరో మరాఠీలో తిట్టేవాడు, మా అమ్మ తెలుగులో తిట్టేది. ఎవడికి వినపడి చచ్చింది గనక!" అని పడీపడీ నవ్వేవారు. ఈలోగా అట్టు మాడేది. మాడింది తన కంచంలో వేసుకుని, నాకు మంచిది వేసేవారు.

టాకీలొచ్చాక హిందీ రాదని ఆ తల్లికి వేషాలివ్వడం మానేశారు. పెళ్ళయ్యాక మొగుడు ఆమె ఫొటోలన్నీ పొయ్యిలో పెట్టాడట. "ఒక్కటీ మిగల్లేదే" అని ఆంటీ కళ్ళొత్తుకునేవారు.

అందుకే కిందటేడు, పాత సినిమాలు భద్రపరిచేవాళ్ళ దగ్గర ఒక చిన్న ముక్క దొరికితే గెంతుకుంటూ తెచ్చాను. అందులో నటి ఎవరో వాళ్ళకి తెలీదు. చెప్పగలిగింది ఆంటీ ఒక్కరే. తెర మీద ఆమె గుర్రం దిగింది, నవ్వింది, హీరోని దగ్గరికి లాక్కుని పెదాల మీద ముద్దు పెట్టుకుంది.

ఆంటీ కళ్ళజోడు తీసేశారు. "మా అమ్మ కాదు."

"సరిగ్గా చూడండి ఆంటీ."

"నా తల్లి నాకు తెలీదా? కాదన్నానా!" మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, "గుర్రం బావుంది, నా ఫోన్‌కి పంపు" అన్నారు.

పంపాను. వాళ్ళకేమో "గుర్తు తెలియని నటి" అని రాసేశాను.

పదకొండో రోజు మా బ్లాకు కింద, అందరూ వాడుకునే ఖాళీ జాగా వాయిడ్ డెక్‌లో భోజనాలు. ఇక్కడే పుట్టి పెరిగిన ఆంటీ కూతురు నా పక్కన కూర్చుని వాళ్ళమ్మ ఫోన్ తీసింది. అదే ముక్క. "మమ్మీ డైలీ చూసేది. అమ్మమ్మ అని నాకు చెప్పింది. కిస్ రాకముందే పాజ్. ఎవ్రీ టైమ్."

నాకు ఒళ్ళు మండిపోయి ఏడుపొచ్చేసింది. ఎంత పని చేశారు ఆంటీ! సినిమావాళ్ళు వదిలేశారు, మొగుడు కాల్చేశాడు, ఆమెకి మిగిలింది మీ మాటొక్కటే. ఒక్క ముద్దుకి కన్నతల్లినే కాదంటారా? మీ వంటింట్లో కూతురిలా తిరిగానే, నాతో అబద్ధమాడటానికి నోరెలా వచ్చింది? మీరు పెట్టిన తిండి గుర్తొస్తుంటే తిట్టడానికీ మనసొప్పడం లేదు.

"అక్కా, ఈ మాట మీరు రాసిస్తే చాలు. అమ్మమ్మ పేరు నిలబడుతుంది" అన్నాను.

అక్క సరేనన్నట్టే తలూపింది. అంతలో విజయవాడ నుంచి వచ్చిన వాళ్ళ మేనత్త గారెల పళ్ళెంతో వచ్చి ఫోన్లోకి తొంగిచూసింది.

"ఎవరే ఈవిడ? ఎంత కళగా ఉందో!"

"ఎవరో పాత సినిమా ఆవిడ అత్తయ్యా" అంటూ అక్క ఫోన్ బోర్లించేసింది.