నర్సింగం కాక గడ్డి మిషను

ఈల ఊదనిదే మా నర్సింగం కాక ఏ పనీ మొదలుపెట్టడు. స్కూటర్ స్టార్ట్ చేయాలన్నా, నీళ్ళ మోటారు వేయాలన్నా, చివరికి గ్యాస్ పొయ్యి వెలిగించాలన్నా ముందు మెడలో వేలాడే ఈల నోట్లోకి పోవాలి, బుగ్గలు ఉబ్బాలి, గల్లీ దద్దరిల్లాలి. ఆ తర్వాతే పని. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్‌కు ముందు ఈల ఊది జనాన్ని దూరం పంపే డ్యూటీ చేసి రిటైరయ్యాడు. కంపెనీ ఆయన్ని ఇంటికి పంపింది. ఆయన డ్యూటీని వెంట తెచ్చుకున్నాడు.

"చాయ పెట్టుకునేతందుకు గూడ ఈల ఏంది కాకా?" అని ఒకసారి అడిగాను.

"గ్యాసంటె ఏమనుకుంటున్నవ్ ర జగదీశా? ఈల ఊదితె మీ చిన్నమ్మ ఎనుకకు జరుగుతది."

"చిన్నమ్మ ఇంట్లనే లేదు గద. కూరగాయలకు వోయింది."

"మనిషి ఉన్నదా లేదా అని సూసి రూలు పెట్టరు ర."

కాక ఇంట్లోనే ఒక వాటాలో ఉంటూ, అదే కంపెనీ ఏరియా స్టోర్స్‌లో గుమాస్తాగా ఇన్నేళ్ళు పనిచేస్తున్న నాకే ఇంత గట్టి రూలు ఎప్పుడూ తగల్లేదు.

ఆయన బిడ్డ పెళ్ళి సంగతి చెప్పాలి. పెళ్ళికొడుకు తాళి చేతిలోకి తీసుకున్నాడో లేదో, కాక ఈల ఊదాడు. ఫంక్షన్ హాల్లో సగం మంది గనుల్లో పనిచేసేవాళ్ళే. పాపం, అలవాటైన ప్రాణాలు కదా, అక్షింతలు చేత్తో పట్టుకునే గబగబా స్తంభాల చాటుకు పోయారు. ఆ వీడియో ఇప్పటికీ ఉంది. తాళి కట్టే చోట పెళ్ళిజంట తప్ప ఒక్క మనిషీ కనపడడు, స్తంభాల వెనక నుంచి అక్షింతలు మాత్రం వచ్చి పడుతుంటాయి. మగపెళ్ళివారు వరంగల్ వాళ్ళు. మా గోదావరిఖని వాళ్ళందరికీ పిచ్చి అనుకున్నారు. ఇప్పటికీ అభిప్రాయం మార్చుకోలేదు.

అటువంటి కాక నిరుడు ఇంటి ముందు పచ్చగడ్డి పెంచుతానన్నాడు. ఎండాకాలంలో తారు కరిగి చెప్పులకు అంటుకునే ఊరు మాది. పొద్దున ఉతికిన తెల్ల చొక్కా మధ్యాహ్నానికల్లా బూడిద రంగుకు తిరుగుతుంది. ఇక్కడ పచ్చగడ్డి అంటే ఎడారిలో ఈత కొలను తవ్వినట్టే.

"ఇన్నేండ్లు నల్లది సూసిన ర. ఇగ పచ్చది సూస్త," అన్నాడు కాక. ఆ మాటకు ఎదురు చెప్పినా వినేవాడు కాదనుకోండి.

పెద్దపల్లి దగ్గరి నర్సరీ నుంచి గడ్డిని చాపల్లా చుట్టి తెచ్చి పరిచాడు. వేసవంతా దానికి స్నానం చేయించాడు. వానలు పడ్డాయి. గడ్డి మోకాళ్ళ దాకా లేచింది. ఒక రోజు అందులోంచి పాము తల ఎత్తి చూసింది. అనసూర్య చిన్నమ్మ కూడా దాన్ని చూసింది. ఇద్దరూ చెరో దిక్కు పరుగెత్తారు.

"దసర లోపట గీ గడ్డి దిగకపోతె మేస్త్రిని పిలిచి గచ్చు చేపిస్త," అని చిన్నమ్మ ఆ సాయంత్రం తేల్చి చెప్పింది. "పచ్చగ సూడాలనిపిస్తె గచ్చుకు పచ్చ రంగేసుకో."

సరిగ్గా అదే వారం గోడవతలి ఇంట్లో వేరే గోల జరిగింది. అది సుల్తాన్ బీ ఇల్లు. ఆమె కొడుకు తాబిష్ ఒక ప్రైవేటు కంపెనీ కింద ఓపెన్‌కాస్టులో మట్టి మోసే డంపర్ లారీ నడుపుతాడు. ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. పొద్దున వచ్చి పడుకుంటే సాయంత్రం లేస్తాడు. ఆ వారం తెల్లవారుజామున స్టీరింగ్ మీదే కునుకు పట్టి, డంపర్ ముందు చక్రాలు లోయ అంచున ఉన్న మట్టికట్ట ఎక్కాయట. కట్ట ఆపింది కాబట్టి మనిషి మిగిలాడు.

"ఇంకోపారి కండ్లు మూస్తె ఇంటికి పంపుతం అన్నరంట భయ్యా," అని సుల్తాన్ బీ గోడ దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నౌకరీ పోతె పోనీ. వాడు రాకపోతె నేనేం జెయ్యాలె?"

"ఏం కాదు బీ. ఫికర్ వెట్టుకోకు," అన్నాడు కాక. అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఇంత ముక్తసరి మనిషేమిటా అని నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

మర్నాటి నుంచి ఆయన ఈల ఆగిపోయింది. దాని స్థానంలో ఎర్ర జెండా వచ్చింది. స్కూటర్ తీసేముందు జెండా ఊపుతాడు. మోటారు వేసేముందు జెండా ఊపుతాడు. వంటింట్లో పొయ్యి ముందు నిలబడి చిన్నమ్మకు జెండా ఊపుతాడు.

"రైలాపినట్టు గీ జెండలేంది? చారు మాడుతాంది, జరుగు," అని చిన్నమ్మ గరిటెతో తోసేసింది.

"ఈల ఏమైంది కాకా?" అని అడిగితే, "రూలు మారింది," అన్నాడు. ఎవరు మార్చారో చెప్పలేదు. పిచ్చి ముదిరి రంగు మార్చుకుందని గల్లీ అంతా ఒప్పుకున్నాం.

ఆ జెండాతోనే నన్ను కరీంనగర్ లాక్కుపోయాడు, గడ్డి కోసే మిషను కొనడానికి. షాపాయన పేరు ఎల్లేశం, ఓపిక గల మనిషి. ఎంత ఓపికో ఆ రోజే తెలిసింది.

"జాగ ఎంతుంటది సార్?" అన్నాడు.

"రెండు మంచాలేస్తె నిండుతది," అన్నాను నేను. కాక నా వైపు ఉరిమి చూసి, "నాలుగు," అని దిద్దాడు.

ఎల్లేశం ఒక్కొక్కటీ చూపించాడు. పెట్రోలుదైతే బలమెక్కువ, ఏపుగా పెరిగిన గడ్డినైనా కోస్తుంది, వెనకాల సంచిలో నింపుతుంది కూడా. కరెంటుది తేలిక, కాకపోతే వైరు మీదికి తోశామంటే గడ్డితో పాటు వైరూ తెగుతుంది. బ్యాటరీదైతే చార్జింగ్ పెట్టి తోసుకుంటూ పోవడమే, ఇప్పుడందరూ అదే అడుగుతున్నారు.

"నడిపిచ్చి సూపియ్," అన్నాడు కాక.

షాపు వెనక ఖాళీ జాగాలో కావలసినంత గరిక ఉంది. మేమిద్దరం పెట్రోలు మిషనును అక్కడికి తోసుకుపోయాం. వెనక్కి తిరిగి చూస్తే కాక లేడు. వెతికితే షాపు ముందు బెంచీ మీద, ముఖం మీద తువ్వాల కప్పుకుని పడుకుని ఉన్నాడు.

"ఏమైంది కాకా? కండ్లు తిరిగినయా?"

"నాకేం కాలె. నడుపుమను."

ఎల్లేశం తాడు లాగాడు. ఇంజను భగ్గుమంది. తువ్వాల కిందినుంచి చెయ్యి లేచి ఎర్ర జెండా ఊపింది.

"వద్దు. బంద్ వెట్టుమను."

"గడ్డి ఎట్ల కోస్తదో జర సూడుండ్రి సార్!" అని ఎల్లేశం వెనకనుంచి మొత్తుకున్నాడు.

"సూసేదేం లేదు. ఇంకోటి తియ్."

పరుపు కొనేవాళ్ళు దాని మీద పడుకుని చూడటం నాకు తెలుసు. గడ్డి మిషను కొనడానికి వచ్చి పడుకునే మనిషిని అప్పుడే చూశాను. కరెంటు మిషనుకూ జెండా లేచింది. బ్యాటరీ మిషనుకు కాసేపు లేవలేదు. ఎల్లేశానికి ప్రాణం లేచొచ్చింది. అంతలో కాక లేచి కూర్చుని, "ఇది జర నయం. కని వద్దు," అన్నాడు.

ఎల్లేశం నన్ను పక్కకు పిలిచి, "పెద్దమనిషిని దవాఖానల సూపిచ్చిండ్రా అన్నా?" అని అడిగాడు. ఏమని చెప్పను? పెళ్ళి వీడియో ఒక్కటి చూపిస్తే చాలనుకున్నాను.

ఇక మిగిలింది మూలన దుమ్ము కొట్టుకుపోయిన మిషను ఒకటి. దానికి ఇంజనూ లేదు, బ్యాటరీ లేదు. మనిషి తోస్తే చక్రాలు తిరుగుతాయి, చక్రాలతో పాటు మధ్యలో వంకర కత్తుల డ్రమ్ము తిరుగుతుంది, కత్తెరలాగా గడ్డి తెగుతుంది. దాని పిడికి ఎల్లేశం ఖాళీ సంచులు తగిలించుకుంటున్నాడు. పోతే పోనీ అని దాన్నీ వెనక్కి తీసుకుపోయి తోశాం. కిర్రు కిర్రుమని చిన్న చప్పుడు. అటు దాకా పోయాం, ఇటు దాకా వచ్చాం. జెండా లేవలేదు. వెళ్ళి చూస్తే కాక గురక పెడుతున్నాడు.

తట్టి లేపితే, కళ్ళు నులుముకుంటూ, "గిదే," అన్నాడు.

ఊరంతా నవ్వడానికి ఆ మిషను తెచ్చాం. అది మోకాలెత్తు గడ్డిని కోయదు. మొదలు తగ్గించి ఇస్తే, తర్వాత పెరిగే కొసలను మాత్రం కోస్తుంది. కాబట్టి మిషను కొన్న మహానుభావుడు ముందు గొంతుకూర్చుని గడ్డి మొత్తం కొడవలితో కోశాడు. ఆ తర్వాత మొదలైంది అసలు వైభవం. నెత్తికి హెల్మెట్, కాళ్ళకు గని బూట్లు, గేటుకు ఎర్ర జెండా. ముందు గడ్డంతా వెతికి రాళ్ళూ, మేకులూ, చిన్నమ్మ పిన్నులూ ఏరతాడు. చక్రాలకు పిల్లల చెవిలో మందు వేసినట్టు చుక్క చుక్క నూనె వేస్తాడు. కత్తి సరిగ్గా ఉందా అని కాగితం పెట్టి తెగుతుందా చూస్తాడు. కాగితమంటే ఏదో చిత్తుకాగితం అనుకునేరు, నేనింకా చదవని నా పేపరు. కత్తీ కత్తీ ఒరుసుకోకుండా కాగితం తెగాలి. ఒరుసుకుంటే చప్పుడొస్తుందని స్పానర్‌తో మళ్ళీ వదులు చేస్తాడు. ఆ తర్వాత మిట్టమధ్యాహ్నం, చెమటలు కక్కుతూ, అటూ ఇటూ తోస్తాడు.

"సల్లవడ్డంక కొయ్యరాదు కాకా?"

"పొద్దుగాల మంచు, పొద్దుమీకితె వాన. తడి గడ్డి కత్తులకు సుట్టుకుంటది. ఆరేది గీ యాళ్ళకే."

"మరి మిషను ఆడించేముందు ఈల ఎందుకు ఊదవు? అన్ని రూల్లు ఉండంగ అదొక్కటి ఎందుకు పోయింది?"

"గడ్డికి చెవులుంటయా ర?" అన్నాడు.

వానలు ఎక్కువయ్యాయి. ఆయన ఒక పక్క కోస్తుంటే ఇంకో పక్క పెరుగుతోంది. దసరా దగ్గర పడింది. చిన్నమ్మ మేస్త్రితో ఫోన్లో గట్టిగానే మాట్లాడుతోంది. ఆ వయసులో ఆయన రొప్పుతుంటే చూడలేక, పరోపకారమే పరమధర్మమని నేను మా కంపెనీ గెస్ట్‌హౌస్ తోటమాలిని బతిమాలి పెట్రోలు మిషను ఆటోలో వేసుకొచ్చాను. మధ్యాహ్నం పూట, కాక నూనె సీసా కోసం లోపలికి పోయిన సందు చూసి, దాన్ని గడ్డి మీదికి తోశాను. ఒక్క గుంజుడుతో పని అయిపోతుంది. తాడు పట్టుకున్నాను.

కాక వాకిట్లోకి వచ్చాడు. నన్ను చూశాడు. బూట్లతో, హెల్మెట్‌తో దూకి వచ్చి ఇంజను మీద కూర్చున్నాడు.

"కాకా, ఏంది?"

"సప్పుడు జెయ్యకు!" గొంతు పైకి రాకుండా, కానీ కళ్ళు మాత్రం బ్లాస్టింగ్ రోజుల్లోలా ఎర్రగా పెట్టి అన్నాడు. "తాడు ఇడువు. ముందుగాల తాడు ఇడువు."

వదిలాను. ఆయన లేవలేదు. కూర్చునే గోడ వైపు వేలు చూపించాడు. గోడవతల బారెడు దూరంలో తాబిష్ కిటికీ. ఉక్కకు రెక్కలు బార్లా తెరిచి ఉన్నాయి. మంచం మీద తాబిష్ బోర్లా పడి, ఒక కాలు కింద వేలాడేసి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"పోరడు రాత్రంత డ్యూటీ జేసొచ్చి పండిండు," అన్నాడు కాక. "ఆ కట్ట ఒక్కపారి ఆపింది. రెండోపారి ఆపుతదని ఎవడన్న రాసిచ్చిండా ర?"

నాకు అప్పుడు ఈల, జెండా, స్పానర్ అన్నీ ఒకటొకటిగా కళ్ళ ముందుకొచ్చాయి.

"అయితె కరీంనగర్ల బెంచి మీద పండింది గిందుకేనా?"

"మరి? నేను రాత్రి డ్యూటీలు చెయ్యలేదా? పగటినిద్ర ఏ సప్పుడుకు తెగుతదో షాపాయనకేం ఎరుక?"

"ఈ ముచ్చట వానికి ఒక్క మాట చెప్తె అయిపోతది గద కాకా."

"చెప్తె, నాకోసం ముసలోడు కష్టపడుతుండని ఆ పిల్లగాడు నిద్ర పోతడా? నోరు మూసుకో. మీ చిన్నమ్మకు సుత చెప్పకు. ఆమె నోట్ల నువ్వుగింజ నానది."

ఇంత జబర్దస్తుగా మంచితనం చేసే మనిషిని నేనెక్కడా చూడలేదు. ఆ మనిషి మీద నాకు పొంగుకొచ్చిన ప్రేమను ఎలా చూపించాలో తెలియక, చప్పుడు కాకుండా పెట్రోలు మిషనును బయటికి మోసుకుపోయాను. అప్పటి నుంచి వంతులు వేసుకుని ఇద్దరం తోశాం. దసరా నాటికి గడ్డి తివాచీలా పరుచుకుంది. చిన్నమ్మ దాని మీద కుర్చీ వేసుకుని కూర్చుని, మేస్త్రిని తానే వద్దన్నట్టు గల్లీకంతా చెప్పుకుంది.

చలికాలంలో ఒక సాయంత్రం తాబిష్ మిఠాయి డబ్బా పట్టుకొచ్చాడు. ఆ తర్వాత మళ్ళీ ఒక్కసారి కూడా కునుకు తీయలేదని కంపెనీ వాళ్ళు పగటి షిఫ్టు ఇచ్చారట.

"నాది గట్టి నిద్ర జగదీశన్నా. ఏనుగు తొక్కినా లేవను," అని గర్వంగా చెప్పాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "కాకకు జర చెప్పరాదు, ఇంజను మిషను కొనుక్కొమ్మని. గా డొక్కుది ఎవడన్న కొంటడా?" అన్నాడు. నేను మిఠాయి నోట్లో పెట్టుకున్నాను. లేకపోతే నోరు జారేవాణ్ణి.

మర్నాడు పొద్దున తాబిష్ టిఫిను పట్టుకుని డ్యూటీకి పోయాడు. మోటారు సైకిలు మలుపు తిరిగేదాకా కాక గేటు దగ్గరే నిలబడ్డాడు. ఎండ ఎక్కి గడ్డి ఆరాక హెల్మెట్ పెట్టుకున్నాడు. జేబులోంచి ఈల తీశాడు. తువ్వాలతో తుడిచాడు. నెలల తరబడి ఆపుకున్న ఊపిరంతా కలిపి ఒక్కసారి ఊదాడు.

గల్లీ పొడుగునా కిటికీలు టపటపా తెరుచుకున్నాయి. అద్దాలు పగలకుండా బ్లాస్టింగ్‌కు ముందు తెరిచే అలవాటు. రెండిళ్ళలో అలమారలోని గిన్నెలు గబగబా కిందికి దిగాయి. వంటింట్లోంచి చిన్నమ్మ, "మళ్ళ షురూ అయిందా నీ పిచ్చి!" అని అరిచింది.

వాకిట్లో పేపరు చదువుకుంటున్న నేను అప్పటికే లేచి స్తంభం చాటుకు పోయాను.

"ఆఁ, గట్ల ఉండాలె," అని నన్ను చూసి మెచ్చుకుని, కాక మిషను తోయడం మొదలుపెట్టాడు.