పురుగుల ఇంట్లో చేసిన ఆల్బమ్

మా ఆల్బమ్ విన్నవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే. ఆ డ్రమ్స్ ఎక్కడ రికార్డు చేశారు, ఏ స్టూడియో అని. గది శబ్దం అంత పొడిగా, అంత దగ్గరగా ఎలా వచ్చిందో చెప్పమని బెంగళూరులో ఒకాయన రెండుసార్లు మెసేజ్ పెట్టాడు. ఊళ్లో మా పాత గదిలో అని రాసి ఊరుకున్నాను. అది పట్టుపురుగులు పెంచే ఇల్లని ఆయనకు చెప్పలేదు. ఆ గదిలో నేను చేసిన ఒక తప్పుకి మా అమ్మ చచ్చిపోయిన తన సొంత అక్కను ఇవాళ్టికీ తిట్టుకుంటోందని అసలే చెప్పలేదు.

మాది మాలూరు దగ్గర లక్కూరు. నాన్న పోయాక మల్బరీ తోట, పురుగుల ఇల్లు అమ్మే చూసుకుంటోంది. నేను రోజూ మాలూరులో రైలెక్కి వైట్‌ఫీల్డ్ దగ్గర ఒక కంపెనీకి వెళ్లి వస్తాను. పురుగుల ఇల్లు మా ఇంటి వెనకాల ఉంటుంది. నలభై అడుగుల పొడుగు, మందపాటి గోడలు, పైన పెంకులు, పెంకుల కింద చల్లదనానికి కొబ్బరి మట్టలు. ఒక పంటకి నెల కూడా పట్టదు. గూళ్లు విప్పి మార్కెట్టుకు తీసుకెళ్లాక గదంతా బ్లీచింగ్ పౌడర్‌తో కడిగి, సున్నం చల్లి, మళ్లీ పిల్ల పురుగులు వచ్చేదాకా కొన్నాళ్లు ఖాళీగా వదిలేస్తారు. ఆ ఖాళీ రోజులే మా స్టూడియో.

పురుగులున్నన్ని రోజులు ఆ ఇంటికి గర్భగుడి కంటే ఎక్కువ మడి. అగరబత్తి వెలిగించకూడదు. మొహానికి పౌడర్ పూసుకుని లోపలికి పోకూడదు. బీడీ తాగినవాడు గడప దగ్గరికి కూడా రాకూడదు. ఎవరొచ్చినా కాళ్లు సున్నపు నీళ్లలో ముంచి రావాల్సిందే. నాకు నడక వచ్చిన రోజు నుంచీ ఇవన్నీ తెలుసు. పలకమీద అక్షరాలు దిద్దడం తరవాత నేర్చుకున్నాను.

నా స్నేహితుడిది మారికుప్పం. వాళ్ల తాత అక్కడి బంగారు గనిలో పనిచేశాడు. ఇతను అక్కడి తక్కినవాళ్లలాగే పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు ఉద్యోగానికి వెళ్తాడు. మాలూరు వచ్చేదాకా పక్క సీటు మీద బ్యాగు పెట్టి, అడిగినవాళ్లతో పోట్లాడి, నాకోసం కాపాడేవాడు. బ్యాగు తీస్తూనే ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో కుక్కేవాడు. తను వాయించిన డ్రమ్స్‌ని ల్యాప్‌టాప్‌లో ముక్కలుగా కోసి, వేగం పెంచి, మళ్లీ అతికించి ఉండేవాడు. నిమిషానికి నూటడెబ్బై దెబ్బలు. దాని కింద బేస్ మాత్రం తీరిగ్గా, అందులో సగం వేగంతో నడుస్తుంది. డ్రమ్ అండ్ బేస్ అంటే ఇంతే. పరుగెత్తే కాళ్లు, ఊగే నడుము. నాకు చిన్నప్పటి నుంచి తెలిసింది రాక్ గిటారు, ఆ రెండింటి మధ్య దాన్ని ఎక్కడ నిలబెట్టాలో మొదట తోచలేదు.

"మచ్చా, నీ గిటారు నా డ్రమ్స్ కంటే కొంచెం లేటుగా వస్తా ఉండాది" అన్నాడు ఒకరోజు.

"సరిచేస్తాలే" అన్నాను.

"వద్దు, అట్లే ఉండనీ. అదే బాగుండాది."

ఆల్బమ్ అక్కడ మొదలైంది. అప్పటికి మా ఇద్దరికీ ముప్పై అయిదు దాటాయి. ఈ వయసులో ఇదేం పిచ్చి అని ఇద్దరి ఇళ్లల్లోనూ అనుకున్నారు.

వాళ్లుండేది పాత గని లైన్లలో. ఒక గోడకి అటూ ఇటూ రెండు కాపురాలు. అతను కాలితో కొట్టే కిక్ డ్రమ్ ఒక్కసారి కొడితే పక్కింట్లో గిన్నెలు కదిలేవి. అందుకని డ్రమ్స్ మా ఊరికి తెచ్చుకుందామన్నాను. అమ్మను అడిగితే, "పురుగులు లేనప్పుడు ఏమన్నా చేసుకోండప్పా. మళ్లా కడిగి ఇయ్యండి, అంతే" అంది. అతనికి సంగటీ అనపగింజల పులుసూ పెట్టి, గడప దగ్గర నిలబడి ఒక పాటంతా విని, "ఇంత బిరబిరా కొడతా ఉండావే, ఏ రైలుకి పోవాలప్పా?" అని అడిగింది. అతను నవ్వు ఆపుకోలేక కర్రలు కింద పడేశాడు.

శబ్దం గోడలకు తగిలి తిరిగి రాకుండా ఏదైనా వేలాడదీయాలి. అమ్మ దగ్గర గోనెపట్టల కట్టలుండేవి. ఎండాకాలం తడిపీ, వానాకాలం చలిగాలి ఆపడానికి పొడిగానూ కిటికీలకు కట్టే పట్టలు. వాటిని నాలుగు గోడలకూ వేలాడదీశాం. బెంగళూరు ఆయన మెచ్చుకున్న పొడి శబ్దం వాటిదే.

పంటకీ పంటకీ మధ్య రెండు పాటలు, ఒక్కోసారి ఒకటే. అట్లా అయిదు పాటలకొచ్చేసరికి వానాకాలం. సాయంత్రమైతే దోమలు. డ్రమ్స్ వాయించేవాడికి రెండు చేతులూ రెండు కాళ్లూ పనిలో ఉంటాయి, దోమ కుడితే కొట్టుకోలేడు. మంచి టేక్ నడుస్తుంటే మోచేతి మీద కుట్టడం, దెబ్బ తప్పడం, అతను తమిళంలో ఏదో తిట్టడం, మళ్లీ మొదటి నుంచి. రెండు సాయంత్రాలు అట్లాగే పోయాయి. మూడోరోజు నేను మాలూరు అంగట్లో, ప్లగ్గుకు తగిలించే దోమల మందు సీసా కొన్నాను.

ఇక్కడ నాకు గుర్తులేదని చెప్పుకోవాలని ఎంతగా ఉంటుందో. గుర్తుంది. ప్లగ్గులో పెడుతూ చేయి ఆగింది కూడా. దోమను చంపేది పురుగునీ చంపుతుందని మా ఊళ్లో పసిపిల్లలకు తెలుసు. కానీ పురుగులు లేవు కదా, ఎట్లాగూ కడుగుతాం కదా అనుకున్నాను. అయిదు సాయంత్రాలు అది అట్లా వెలుగుతూనే ఉంది. పాట అద్భుతంగా వచ్చింది. ఆఖరి రోజు నేలా, పురుగుల్ని పెంచే స్టాండ్లూ బ్లీచింగ్‌తో శ్రద్ధగా కడిగాను. గోనెపట్టలు మాత్రం విప్పి, మడిచి, మూలన పెట్టేశాను. కడగలేదు. ఆ అయిదు సాయంత్రాల మందూ పట్టుకున్నది వాటికేనని నాకు తట్టలేదు.

ఆ వారంలోనే ముళబాగిలు పక్క పల్లెలో పెద్దమ్మ చనిపోయింది. అమ్మకు ఒక్కతే అక్క. అమ్మ పెళ్లయి లక్కూరు వచ్చినప్పుడు పురుగు ముట్టుకోవడానికి కూడా భయపడేదట. వాళ్ల పుట్టింటిది మామిడి తోటల ఇల్లు. అప్పటికే పట్టుపురుగుల ఇంటికి కోడలైన పెద్దమ్మే వచ్చి మొదటి పంటంతా ఇక్కడే ఉండి, ఆకు ఎంత వేయాలో, పురుగుకి జ్వరం ఎప్పుడు వస్తుందో నేర్పింది. పురుగు తినడం మానేసి పొర విడవడాన్ని మేం జ్వరమంటాం. అమ్మ చేతి గుణం మంచిదని ఇప్పుడు వీధంతా చెప్పుకుంటుంది గానీ, ఆ చేయి దిద్దింది పెద్దమ్మ.

పిల్ల పురుగులు కావాలని ముందే చెప్పి ఉంచాం, అవి వచ్చే రోజు మారదు. అందుకని అమ్మ చావింట్లో ఒక్క రాత్రే ఉండి, మర్నాడే తిరిగొచ్చి, తలకు పోసుకుని, వచ్చిన పురుగుల్ని స్టాండ్లలోకి దించుకుంది. ఈదురుగాలి కొడుతోందని గోనెపట్టలు తీసి కిటికీలన్నిటికీ కట్టింది. నేను ఆఫీసులో ఉన్నాను.

రెండోరోజు మధ్యాహ్నం ఫోన్ చేసింది. "అప్పా, పురుగులు పచ్చగా కక్కతా ఉండాయి. తలలెత్తి కొట్టుకుంటా ఉండాయి. బిరీన రా."

రైల్లో నిలబడి ఉండగానే నాకు అర్థమైంది. ఇంటికి వెళ్లేసరికి స్టాండ్లన్నీ మెలికలు తిరిగి కుదించుకుపోయిన పురుగులు. అమ్మ ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని దాని ముందు చిన్న ఆకు ముక్క ఆడిస్తోంది. అది తినలేదు. మర్నాడు అన్నిటినీ గుంట తీసి, సున్నం వేసి పూడ్చాం.

పట్టు శాఖ నుంచి ఒకాయన వచ్చి చూశాడు. ఏదో మందు తగిలిందన్నాడు. "పక్క తోటలో ఏమన్నా కొట్టినారా? లోపల దోమల కాయిలు, గీయిలు ఏమన్నా పెట్టినారా?" అని అడిగాడు.

అమ్మకు కోపం వచ్చింది. "ఏందప్పా అట్లా అడుగుతారు? మా అత్త కాలం నుంచి పురుగు పెంచతా ఉండాం. మా ఇంట్లో అట్లాంటి పని ఎవురు చేస్తారు?"

నేను ఆమె పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. భయమని చెప్పవచ్చు, కొంత నిజమే. కానీ ఆ నిమిషంలో నా తలలో తిరిగిన లెక్క వేరు. ఇంకా మూడు పాటలు మిగిలాయి. చెబితే ఆ తలుపు మాకు మళ్లీ తెరుచుకోదు. పూడ్చిన గుంట మీద మట్టి ఆరకముందే నేను చేసిన ఆలోచన ఇది. నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

పక్క తోటవాళ్లు మందు కొట్టలేదని తేలింది. ఇంక వీధిలో ఆడవాళ్లే కారణం చెప్పారు. "సావింటి నుంచి వచ్చి నేరుగా పురుగుల దగ్గరికి పోతారా ఎవురన్నా? సూతకం పురుగుకి ఆగతాదా?" అన్నారు. అమ్మ మొదట తనను తాను తిట్టుకుంది. నాలుగు రోజులకు ఆ తిట్టు పెద్దమ్మ మీదికి మళ్లింది. "పోయేటిది పోక, నా పురుగుల్ని గూడా ఎంట తీసుకునిపోయింది" అంది. గోడ మీది పెద్దమ్మ ఫొటో తీసి ట్రంకు పెట్టెలో చీరల అడుగున పెట్టింది. అక్క కోసం ఆమె ఏడ్చింది ఆ ఒక్క రాత్రి, చావింట్లోనే. తరవాత ఏడవడం నేను చూడలేదు.

అమ్మ ఇంట్లో లేనప్పుడు గోనెపట్టలన్నీ కాల్చేసి కొత్తవి తెచ్చాను. ఎలుకలు కొరికాయని చెప్పాను. తరవాతి పంట చక్కగా వచ్చింది. పట్టలు కాల్చడం వల్ల వచ్చింది. అమ్మ మాత్రం, "చూసినావా, సూతకం తీరినాక ఎట్లుండాదో" అంది. నా తప్పు దాచుకోవడానికి చేసిన పనే ఆమె నమ్మకాన్ని గట్టి చేసింది.

స్నేహితుడికి రైల్లోనే చెప్పాను. అతను ల్యాప్‌టాప్ మూసేశాడు. "అమ్మకి చెప్పు మచ్చా. నేను గూడా వస్తాను, ఇద్దరం చెప్తాం" అన్నాడు. ఆల్బమ్ అయిపోనీ అన్నాను. ఆ తరవాత రైల్లో పక్కనే కూర్చున్నా నాతో సరిగ్గా మాట్లాడలేదు, కానీ వాయించడం మాత్రం మానలేదు. మిగిలిన మూడు పాటల్లో డ్రమ్స్ చాలా కోపంగా ఉంటాయి. విన్నవాళ్లకు ఆ మూడే ఎక్కువ నచ్చాయి.

ఆల్బమ్ నెట్‌లో పెట్టిన నెలకి పెద్దమ్మ సంవత్సరీకం వచ్చింది. పెద్దమ్మ కూతురు, నాకు అక్క వరస, ఫోన్ చేసి పిలిచింది. అమ్మ రానంది. ఇంక ఆపుకోలేకపోయాను. మధ్యాహ్నం పూట అమ్మ చంద్రికల నుంచి, అంటే పురుగులు గూడు కట్టే వెదురు తట్టల నుంచి, గూళ్లు విప్పుతుంటే పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. సీసా, అయిదు సాయంత్రాలు, గోనెపట్టలు, కాల్చడం. అమ్మ చేతులు ఆగలేదు. గూడు తరవాత గూడు బుట్టలో పడుతూనే ఉంది.

"ఇట్లా చెప్పమని నీకెవురు చెప్పినారు? మీ అక్కనా?" అంది.

"నిజమమ్మా. నేనే పెట్టినాను."

"నువ్వు ఈ ఇంట్లోనే దోగాడినోడివి. నాలుగేండ్లప్పుడు అగరబత్తి వాసనొస్తా ఉండాదని పూజారిని గడప తొక్కనీలేదు. నువ్వు పెడతావా?"

స్నేహితుడికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. "నిజమే అమ్మా, నేను గూడా ఆడే ఉండినాను" అన్నాడు. అమ్మ, "నువ్వు గూడా వీడితో సేరుకున్నావా అప్పా" అని నవ్వింది. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఉన్నదంతా నేనే కాల్చేశాను. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, నా తల మీద చేయి పెట్టి, "నన్ను ఆడికి పంపీదానికి ఎంత మాట మీదేసుకుంటా ఉండావురా" అంది.

అమ్మ రాలేదు. నేనొక్కణ్నే వెళ్లాను. పల్లెలో బస్సు దిగి ఇంట్లోకి అడుగుపెట్టేసరికి అక్క ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. పొద్దున్నే అమ్మ ఫోన్ చేసిందట.

"చిన్నమ్మ రాలేదని నాకు బాధ లేదప్పా" అంది. "మా అమ్మ మీద మాట పడకూడదని తప్పంతా నీ మీదేసుకున్నావంట గదా. చిన్నమ్మ ఏడ్సుకుంటా చెప్పింది. కడుపున పుట్టిన నేను గూడా మా అమ్మకి అంత చెయ్యలేదు."

కాదక్కా, అన్నాను. ఆమె విననివ్వలేదు. చుట్టాలందరికీ ఆ సంగతి చెప్పింది. పెద్దమ్మ ఫొటో ముందు వరసలో, అందరికంటే ముందు నాకు ఆకు వేసి, తన చేత్తో వడ్డించి, తినేదాకా పక్కనే కూర్చుంది. నేను తిన్నాను.