పొడుగు తాత ప్రార్థన, నా పదిహేను నిమిషాల లెక్క

ముందుగా, మనిషికి నోరిచ్చి, ఆ నోటికి నవ్విచ్చి, నవ్వులపాలైనవాణ్ణి కూడా చెయ్యి విడవని దేవునికి స్తోత్రం. ఆయన నాకు చేసిన మేళ్ళు చెప్పమంటే చాలా ఉన్నాయి. జ్వరాలు తగ్గినవీ, బండి మీద నుంచి పడి బతికినవీ సంఘంలో నిలబడి ఎన్నోసార్లు చెప్పాను. ఈ ఒక్క సాక్ష్యం మాత్రం ఇన్నేళ్ళూ దాచుకున్నాను. ఎందుకంటే ఇందులో నేను నలభై మంది విశ్వాసులను, మా పాస్టరు అయ్యగారితో సహా, దొంగలని పిలిచాను. అదీ సైరన్ మోగించి మరీ.

ఆ రోజుల్లో (మరీ పాతకాలమేమీ కాదు, ఎనిమిదేళ్ళవుతుందేమో) జహీరాబాద్‌లో ఇంటికి కాపలా అంటే ఒక కుక్క, ఎదురింట్లో ఒక ముసలమ్మ, ఆమె దగ్గు. ఆ దగ్గు వినపడినంతసేపు ఏ దొంగా గోడ దూకడని ఊరందరికీ ధైర్యం. దగ్గుకు బ్యాటరీ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. అలాంటి కాలంలో నేను గోడలకు సెన్సర్లు బిగించే పనిలో చేరి, మనుషులు చేసే కాపలా అంతా దండగ అని నమ్మిన మొనగాణ్ణి. వయసు ఇరవై ఒకటి. ఆ వయసులో స్క్రూడ్రైవర్ జేబులో ఉంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

నిజానికి నేను ఉండవలసింది ఆ దుకాణంలో కాదు. అమ్మ నన్ను కడుపులో ఉండగానే దేవుని సేవకు ఇచ్చేసింది (నన్ను అడగలేదు, అడగడానికి నేనింకా పుట్టలేదు). అందుకని ఇంటర్ కాగానే పాస్టర్లను తయారుచేసే బడిలో వేశారు. రెండేళ్ళు చదివాను. వాక్యం కంఠస్థం చేశాను, ఉపవాసాలున్నాను, కానీ అక్కడ నాకు నిజంగా అబ్బింది గొంతు ఒక్కటే. మైకు లేకుండా ఆఖరి వరుస దాకా వినిపించేలా మాట్లాడటం నేర్పారు. సెలవులకు ఇంటికొచ్చి, ఊరికే కూర్చోలేక, బస్టాండు రోడ్డులో కెమెరాలు, అలారాలు అమ్మే దుకాణంలో చేరాను. ఇక ఆ బడికి తిరిగి వెళ్ళబుద్ధి కాలేదు. ఆ సంగతి చెప్పిన రోజు అమ్మ అన్నం తినలేదు. నన్ను తీసుకుపోయి అయ్యగారి ముందు నిలబెట్టింది. ఆయన అంతా విని, శనివారం మీ పెద్దమ్మ కొత్త ఇంట్లో ప్రతిష్ఠ ప్రార్థన ఉంది కదా, అక్కడ నువ్వు బిగిస్తున్న పనేదో నా కళ్ళతో చూస్తాను, చూశాకే చెప్తాను అన్నారు. అంటే శనివారం ఆయన తల నిలువుగా ఊపితే నేను దుకాణంలో, అడ్డంగా ఊపితే సోమవారం బస్సులో.

పెద్దమ్మ, పెద్దనాన్న కోహీర్ దగ్గర అల్లం పండిస్తారు. హైవేకు దగ్గరగా కొత్త ఇల్లు కట్టుకున్నారు. ఇంటికని పెద్దనాన్న మా దుకాణంలో ఒక అలారం కొన్నాడు. అదే సమయానికి వాళ్ళ అల్లుడు హైదరాబాద్ నుంచి ఒక స్మార్ట్ హబ్ కానుకగా పంపాడు. చూడటానికి అరచేతిలో పట్టే డబ్బీ. లైట్లు, ఫ్యాన్లు, తలుపు తాళం అన్నీ అది చెప్పినట్టు వింటాయి. అలారం ఒక కంపెనీది, డబ్బీ ఇంకో కంపెనీది, ఒకదాని మాట ఒకదానికి తెలియదు. వాటిని కలపడం నా పని. పెద్దమ్మ దీన్ని పెళ్ళి సంబంధంలాగే చూసింది. "రెండు రోజులైపాయె, ఇంక మాట్లాడుకుంట లేవా కొడుకా?" అని గంటకోసారి వచ్చి అడిగేది. మూడో రోజు పొద్దున అవి మాట్లాడుకున్నాయి. డబ్బీలో వెలిగిన పచ్చలైటు చూసి నేను కంట తడి పెట్టుకున్నాను (ఇది కూడా ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు).

పెద్దమ్మ బాధ ఒకటే. చేనుకు పోయేటప్పుడు ఆమె తాళం వేయడం మర్చిపోతుంది, అలారం పెట్టడం అంతకంటే ముందే మర్చిపోతుంది. నేను మర్చిపోయినా ఇల్లు తనంతట తనే మూసుకోవాలి అంది. సరేనని డబ్బీకి ఒక నియమం నేర్పాను. పగటిపూట హాల్లో పదిహేను నిమిషాలు ఎవరి కదలికా కనిపించకపోతే ఇంట్లో ఎవరూ లేనట్టే, ఫ్యాన్లూ లైట్లూ ఆపు, తలుపుకు తాళం వెయ్యి, అలారం పెట్టు. ఆ తర్వాత ఎవరు కదిలినా దొంగే. పెద్దమ్మకు ఒక పిల్లి ఉంది. అది తిరిగినప్పుడల్లా మోగకూడదని సెన్సర్‌ను నడుము ఎత్తుకు పైన మాత్రమే చూసేలా బిగించాను. పదిహేను నిమిషాలు ఆ ఇంట్లో ఎవరు కదలకుండా ఉంటారు? పెద్దనాన్న సోఫాలో కూర్చుని ఫోనులో అల్లం ధర మాట్లాడితే చేతులు రెండూ గాల్లోనే ఉంటాయి. ఆ చేతులు చాలు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నవాణ్ణి, అక్కడితో ఆగి ఉండవచ్చు. ఆగలేదు. సైరన్ వెనక వినిపించే హెచ్చరికను నా గొంతుతోనే రికార్డు చేశాను. బడిలో నేర్చిన గొంతు అది, వృథా కానివ్వడమెందుకు? "ఇంట్ల దొంగలున్నరు. ఎవ్వరు కదలొద్దు. మీ మొఖాలన్ని కెమెరాల పడ్డయి." ఆఖరి వరుస దాకా వినిపించేలా చెప్పాను.

శనివారం పదకొండు గంటలకు నలభై మంది వచ్చారు. పిల్లలను ఒక అక్క మేడ మీదికి తీసుకుపోయింది. అయ్యగారి కూడికల్లో ఒక పద్ధతి ఉంది. ఫోన్లన్నీ ఆపి గుమ్మం దగ్గర గంపలో వేయాలి. ఆ రోజు అల్లం గంప పెట్టారు. ఫోన్లు పడ్డాక అందులో ఒక చెవి మిషను కూడా పడింది. అది పొడుగు తాతది. తాత సంఘంలో అందరికంటే పెద్ద. పొడుగు అన్నది ఎత్తును బట్టి కాదు, ప్రార్థనను బట్టి మేం చిన్నప్పుడు పెట్టిన పేరు. మిషన్లన్నీ గంపలో వేయమన్నారు కాబట్టి ఆయన చెవిది కూడా నమ్మకంగా తీసి వేసేవాడు. తర్వాత ఆయనకు ఉరుము కూడా వినపడదు.

అయ్యగారు నా వైపు ఒకసారి చూసి, గోడ మీది సెన్సర్‌ను చూసి, అందరినీ మోకరించమన్నారు. ఇంటి కోసం ప్రార్థన చేయమని తాతను అడిగారు. నలభై మంది మోకాళ్ళ మీదికి వంగి, తలలు దాదాపు నేలకు ఆనించారు. తాత ప్రార్థన బస్సులాంటిది. ఢిల్లీలో పరిపాలించేవాళ్ళ దగ్గర బయలుదేరుతుంది, హైదరాబాద్ మీదుగా జహీరాబాద్ వచ్చి ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ముందు ఆగుతుంది, తర్వాత కోహీర్, న్యాల్‌కల్ ఊళ్ళలో ప్రతి రోగి ఇంటి ముందూ ఆగి పలకరిస్తుంది. కోహీర్‌లో ఒకామె మోకాళ్ళ నొప్పుల కోసం మొరపెడుతుండగా పైన ఫ్యాన్లు ఆగిపోయాయి. లైట్లు పోయాయి. తలుపు టక్కుమంది. కరెంటు పోయిందనుకుని ఎవరూ కళ్ళు తెరవలేదు. నేను తెరిచాను. గుమ్మం పక్కన, నంబరు కొట్టి అలారం ఆపే ప్యానెల్ మీద ఎర్రలైటు వెలుగుతోంది.

అప్పుడు తెలిసింది. మోకాళ్ళ మీద ఉన్న విశ్వాసులు నా సెన్సర్ లెక్కలో పిల్లులు. నలభై మందీ కలిసి ఎవరూ లేరు. తాత ఆమేన్ అనగానే నలభై మందీ లేస్తారు, లేవగానే దొంగలవుతారు. ఆ సంఘం పుట్టిన తర్వాత పొడుగు తాత ప్రార్థన ఇప్పుడే అయిపోకూడదని దేవుణ్ణి వేడుకున్న మొదటి మనిషిని నేనే. వేడుకుంటూనే పాకడం మొదలుపెట్టాను. పిల్లి ఎత్తులో పోతే సెన్సర్‌కు కనపడను. తాత న్యాల్‌కల్ చేరేసరికి నేను ముగ్గురు పెద్దమనుషుల పాదాలు దాటాను. ప్యానెల్ ఇంకా రెండు మూరలు ఉందనగా అమ్మ ఒక కన్ను తెరిచింది. ప్రార్థన మధ్యలో కొడుకు తలుపు వైపు పాకిపోతున్నాడు. తల్లి మనసుకు ఇంకేం తోస్తుంది? సేవ నుంచి తప్పించుకు పారిపోతున్నాననుకుంది. లేచి నిలబడి నా కాలరు పట్టుకుంది.

ఆ సైరన్ గురించి ఎక్కువ చెప్పను. దుకాణంలో చిన్నగా పెట్టి వినిపించేవాళ్ళం, పూర్తిగా పెడితే ఎలా ఉంటుందో నాకూ అప్పుడే తెలిసింది. దాని వెనకే నా గొంతు, ఇంట్లో దొంగలున్నారనీ ఎవ్వరూ కదలవద్దనీ గంభీరంగా ప్రకటించింది. జనమంతా లేచి నిలబడి ఎక్కడివాళ్ళక్కడే బిగుసుకుపోయారు. అయ్యగారు ముందు పైకి చూశారు, తర్వాత నా వైపు చూశారు. నా నోరు మూసే ఉంది, గొంతు మాత్రం ఇల్లంతా తిరుగుతోంది. తాతకు ఇవేవీ వినపడవు కనుక ఆయన న్యాల్‌కల్‌లోనే ఉన్నాడు.

నేను ప్యానెల్ దగ్గరికి దూకి నంబరు కొట్టాను. తప్పు అంది. వేలు జారిందేమోనని మళ్ళీ కొట్టాను. మళ్ళీ తప్పే. పెద్దమ్మ నెమ్మదిగా వచ్చి నా పక్కన నిలబడింది.

"ఆ నంబర్ గాదు కొడుకా. రాత్రి మార్చిన."

"మార్చినవా? నాకు చెప్పొద్దా పెద్దమ్మా?"

"నువ్వే అంటివి గద, ఎవ్వరికి చెప్పొద్దని. నీకు గూడ చెప్పలే."

ఆ క్షణంలో కూడా నాకు ఆమె మీద గౌరవం కలిగింది. మా దుకాణానికి వచ్చినవాళ్ళలో ఆ సలహాను అక్షరాలా పాటించింది ఆమె ఒక్కతే. పోనీ ఇప్పుడు చెప్పమన్నాను. సైరన్ మోతకు బుర్ర మొద్దుబారిందనీ, పాటల పుస్తకంలో ఒక పాట నంబరు, ముందొక సున్నా చేర్చి పెట్టాననీ, ఏ పాటో మాత్రం గుర్తు రావడం లేదనీ అంది. (పెద్దమ్మకు ఇంటి నంబరు, ఫోన్ నంబరు ఏవీ గుర్తుండవు, పాటల నంబర్లు మాత్రం ఆరు వందలు గుర్తుంటాయి. చిక్కు అదే, ఆరు వందలు.) సంగతి తెలియగానే సంఘమంతా కదిలింది. పెద్దమ్మకు ఏ పాట ఇష్టమో చెప్పడానికి ఆడవాళ్ళంతా ముందుకొచ్చారు. ఆమె పెళ్ళిలో పాడినదని ఒకామె, ఆమె బాప్తిస్మం రోజు పాడినదని ఇంకొకామె. పెళ్ళి పాట కొట్టాను. తప్పు. నాలుగోది కూడా తప్పయితే ప్యానెల్ అరగంట పాటు బిగుసుకుపోతుంది, అరగంటా మోగుతూనే ఉంటుంది. దొంగ వైరు కోస్తాడేమోనని దాన్ని గోడలో దాచింది కూడా నేనే. ఇంకొక్క నంబరే ఉంది. అయ్యగారు చేతులు కట్టుకుని నా వేళ్ళనే చూస్తున్నారు. అమ్మ నా కాలరు ఇంకా వదల్లేదు. సోమవారం బస్సు నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

సరిగ్గా అప్పుడు కిటికీల్లో మొహాలు కనిపించాయి. హైవే మీద బండ్లు ఆపి లారీ డ్రైవర్లు పరుగెత్తుకొచ్చారు, ఇద్దరి చేతుల్లో ఇనుప రాడ్లు, ఒకరి చేతిలో చెరుకు గడ. లోపల నలభై మంది, ఎవ్వరూ కదలొద్దని బెదిరిస్తున్న గొంతు. దొంగలు ఒక పెళ్ళివారిని పట్టి ఉంచారనుకున్నారట. మధ్యలో కళ్ళు మూసుకుని మోకరించిన తాత, తన వరుస ప్రకారం ఆఖరి మజిలీకి వచ్చాడు. "ప్రభువా, ముంబై రోడ్డు మీద తిరిగే లారీల డ్రైవర్లను కాపాడు" అని అడిగి, ఆమేన్ అని కళ్ళు తెరిచాడు. తెరిస్తే అందరూ నిలబడి ఉన్నారు. తాత సంతోషించాడు.

"పాటకు లేచి నిలవడ్డరా, మంచిగైంది. రెండు వందల పదిహేడు తీయిండ్రి."

తాత ఎప్పుడూ ప్రార్థన కాగానే అదే పాట చెప్తాడు. పెద్దమ్మ నా భుజం మీద చరిచింది. "అగో, గదే కొడుకా. తాత పాటనే పెట్టిన."

సున్నా, రెండు, ఒకటి, ఏడు. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. (పెద్దమ్మా, నువ్విది చదువుతుంటే ఫికర్ చేయకు, అసలు నంబరు ఇక్కడ రాయలేదు.) ఆ నిశ్శబ్దంలో తాత ఒక్కడే శ్రుతి లేకుండా పాట ఎత్తుకున్నాడు. ఒక్కొక్కరుగా అందరూ అందుకున్నారు. తలుపు తీస్తే డ్రైవర్లు రాడ్లు బయటపెట్టి, చెప్పులు విడిచి లోపలికి వచ్చి నిలబడ్డారు. తర్వాత వాళ్ళూ మాతోపాటు భోజనం చేశారు.

భోజనాలయ్యాక అయ్యగారు నన్ను పిలిచి, అలా ఎందుకయిందని అడిగారు. దాచకుండా చెప్పాను. సెన్సర్ నడుము పైనే చూస్తుందనీ, మోకరించినవాళ్ళు దానికి కనపడరనీ, ఇంట్లో ఎవరూ లేరనుకుందనీ. ఆయన వేలితో సెన్సర్‌ను చూపించారు.

"నలభై మంది ఉంటే ఒక్కడు గూడ కనపడలేదా?"

"లేదు అయ్యగారు."

"మోకాళ్ళ మీదికి పోతే మనిషి కనపడకుండ కావాలె అని ఇరవై ఏండ్ల సంది చెప్తున్న. ఎవ్వరికి ఎక్కలే. నీ మిషిన్ ఒక్క పూటల చూపెట్టింది." అమ్మ వైపు తిరిగి, "వీన్ని దుకాణంలనే ఉండనీయమ్మా. బోధ ఎట్లనో చేస్తనే ఉన్నడు" అన్నారు. తర్వాత నా వైపు వంగి, కొంచెం గొంతు తగ్గించి, "ఆ దొంగలన్న మాట మాత్రం తీసెయ్యి బిడ్డా" అన్నారు. అమ్మ అప్పుడు నా కాలరు వదిలింది. బొత్తాం ఒకటి ఆమె చేతిలోనే ఉండిపోయింది.

ఇప్పుడు నాకు సొంత దుకాణం ఉంది. ఏ ఇంటికి వెళ్ళినా సెన్సర్ బిగించే ముందు మీ ఇంట్లో ప్రార్థనకో, నమాజుకో, పూజకో ఎంతసేపు కూర్చుంటారని అడిగి ఆ లెక్కన పెడతాను. తాత ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. అక్కడ ఆయన్ను ఎవరూ తొందరపెట్టరని నా నమ్మకం. మా ఇంట్లో మాత్రం సెన్సర్‌ను అదే ఎత్తులో, అదే పదిహేను నిమిషాలకు ఉంచుకున్నాను. రోజూ పొద్దున్నే దాని కింద మోకరిస్తాను. నాలుగో నిమిషానికి దుకాణం తాళాలు గుర్తొస్తాయి, ఆరో నిమిషానికి లేచిపోతాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మా ఇంటి ఫ్యాను నేను లేననుకుని ఆగలేదు. అందరి చేతా మెప్పు పొందాలని గోడలో గొంతు దాచిన ఆ ఇరవై ఒక్కేళ్ళవాడు ఇంకా లోపల నిటారుగానే నిలబడి ఉన్నాడు కాబోలు. ఇది చదివిన మీరు కూడా ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నాతో కలిసి ప్రార్థించండి. పెద్దగా ఏమీ వద్దు. నేను పోయేలోపు ఒక్క పొద్దున, నా తల మీది ఆ ఫ్యాను ఆగిపోవాలని అడగండి చాలు. ఆమేన్.